అడుగు గీకే చప్పుడు

మధ్యాహ్నం మూడు కావస్తుండగా మా అపార్టుమెంటులో ఒక చప్పుడు వినబడుతుంది. తెనాలి ఎండకు అందరూ తలుపులు వేసుకుని ఫ్యాన్ల కింద పడుకునే వేళ కాబట్టి అది మరీ స్పష్టంగా వినబడుతుంది. గరిటె తపేలా అడుగును గీకే చప్పుడు. పక్క ఫ్లాటులోని సుధ గారు అప్పుడు భోజనం చేస్తారన్నమాట. భర్తకు, పిల్లలకు, మామగారికి వడ్డించి, వంటిల్లు సర్దుకుని, ఆఖరున తపేలాలో మిగిలింది గీకి పెట్టుకుంటారు. ఆ చప్పుడు వింటే నాకు ముందు చిరాకు వస్తుంది, వెంటనే కరుణమ్మ గారు గుర్తొస్తారు. ఈ రెండూ నాకు ఎప్పుడూ విడివిడిగా రాలేదు. ఆవిడ దగ్గర పనిచేసినన్నాళ్ళూ నేను చిరాకు పడుతూనే ఉన్నాను.

నేను పల్లెల్లో పోషకాహారం గురించి పనిచేసే మనిషిని. ఈ సంగతి ఒక్క ముక్కలో చెప్పి బయటపడిన రోజు లేదు. మా బంధువుల దృష్టిలో నేను ఒళ్ళు తగ్గడానికి చార్టులు రాసిచ్చే డాక్టర్ లాంటిదాన్ని. పెళ్ళిలో భోజనానికి కూర్చుంటే పక్కవాళ్ళు విస్తట్లో లడ్డూ చూపించి, ఇది తినవచ్చా అని అడుగుతారు. నేను బాపట్లలో హోమ్ సైన్సు చదివి ఉద్యోగంలో చేరానని తెలిసినప్పుడు అమృతలూరులో మా పెదనాన్న కాసేపు ఆలోచించి, "అన్నం తినండని చెప్పినందుకు జీతమిస్తారా అమ్మాయ్? మీ పెద్దమ్మ ఇన్నేళ్ళ నించీ ఊరికే చెబుతోందే" అన్నాడు. అందరూ నవ్వారు. నాకు ఒళ్ళు మండింది.

రేపల్లెలో ఒక సంస్థ ఆఫీసులో ఆ ఉద్యోగం. గర్భిణులకు, బాలింతలకు మంచి తిండి అందేలా చూడడం మా పని. కరుణమ్మ గారు మా సూపర్‌వైజర్. ఆవిడా బాపట్లలోనే చదివారు, నాకంటే చాలా ముందు. పొట్టి మనిషి, ఇస్త్రీ నలగని నేత చీర, భుజానికి పెద్ద సంచి. ఆ సంచిలో ఎప్పుడూ ఒక స్టీలు కంచం ఉండేది. బస్సు గతుకుల్లో పడినప్పుడల్లా అది గొడుగు పిడికి కొట్టుకుని మోగేది, జనం తిరిగి చూసేవారు, నాకు సిగ్గేసేది. "కరుణమ్మ గారు ఫీల్డుకెళ్ళారంటే చేపల పులుసుకెళ్ళినట్టే" అని ఆఫీసులో వెనకాల నవ్వుకునేవారు. ఆ మాట ఆవిడ చెవిన పడినా పట్టించుకునేవారు కాదు. నేను మాత్రం ఇలాంటి మనిషి కింద నా కెరీర్ మొదలవుతోందేమిటా అని దిగులుపడ్డాను.

నిజాంపట్నం దగ్గర ఒక జాలరిపేటలో నా మొదటి మీటింగు. పై ఆఫీసు వాళ్ళు ఉదయం పదింటికి పెట్టమన్నారు. వాళ్ళు పంపిన చార్టులో ఆపిల్ పండ్లు, ద్రాక్ష, పింగాణీ గిన్నెలో క్యారెట్ ముక్కలు ఉన్నాయి. చేపల వాసన గాలిలోనే ఉన్న ఊళ్ళో ఆ చార్టులో చేప బొమ్మ లేదు. పదింటికి వెళితే ఆడవాళ్ళంతా చేపలు ఎండబెట్టే దగ్గర ఉన్నారు. వలలు బాగుచేసుకుంటున్న ముసలివాళ్ళు మాత్రం దొరికారు. మీటింగు జరిగిందని ఫోటో పంపాలి కాబట్టి, గర్భిణీ స్త్రీలు తినవలసిన పదార్థాల గురించి నేను ఆ తాతలకే చెప్పాను. వాళ్ళు ఎంతో మర్యాదగా విన్నారు. ఒకాయన ద్రాక్ష పండ్ల ధర అడిగాడు. కరుణమ్మ గారు ఒడ్డుకు లాగిన పడవ నీడలో కూర్చుని అంతా చూశారు.

నేను చార్టు చుట్టబెట్టి బయల్దేరబోతే ఆపారు.

"ఏంటి వాణీ, అప్పుడే వెళ్ళిపోదామంటావ్? ఆడవాళ్ళు ఇంకా తినలేదు."

"వాళ్ళు తినేసరికి మూడవుతుందండి. రేపల్లెలో నా రైలు పోతుంది."

"తిననివాళ్ళ దగ్గర తిండి గురించి ఏం మాట్లాడతావ్? కూర్చో."

కూర్చున్నాను. ఎండలో, ఈగల్లో, కడుపులో మంటతో. రెండున్నర దాటాక ఆవిడ లేచి ఇళ్ళ మధ్య నడవడం మొదలుపెట్టారు. ఏ గుమ్మం దగ్గరా పలకరించలేదు, ఊరికే చెవి ఒగ్గి నడిచారు. ఒక ఇంటి దగ్గర ఆగి, "అదిగో" అన్నారు. లోపల గరిటె తపేలా అడుగును గీకుతోంది. అది సీతారావమ్మ గారి ఇల్లు. ఆ పేటలో మా పని మొత్తం ఆ ఇంటి చుట్టూనే తిరుగుతోందని ఆఫీసులో విని నాకూ తెలుసు. ఆవిడ కోడలు నాగమణికి అప్పుడు అయిదో నెల. మొదటి కాన్పులో విపరీతంగా రక్తం పోయి తెనాలి ఆసుపత్రికి తెస్తే, ఆ పిల్ల బతికింది గాని బిడ్డ దక్కలేదు. ఈసారి రక్తం పెరగకపోతే తల్లి కూడా దక్కదని డాక్టరమ్మ కచ్చితంగా చెప్పింది. మేమిచ్చిన మాత్రలు ఖాళీ కడుపున వేసుకుంటే ఆ పిల్లకు వాంతయ్యేది. ఇంటికి పంపిన గుడ్లు అందరి కూరలోకీ వెళ్ళేవి.

కరుణమ్మ గారు నేరుగా లోపలికి వెళ్ళి, పీట లాక్కుని కూర్చుని, సంచిలోంచి కంచం తీశారు. "ఆకలేస్తోంది అక్కా. కాస్త అన్నం పెట్టించు."

నాగమణి చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. తపేలాలో అడుగంటిన అన్నం కొంచెం, చట్టిలో ముక్కలేని పులుసు. సీతారావమ్మ గారి ముఖం మాడిపోయింది. "ముందో మాట చెబితే ఓ ముక్క తీసుంచేదాన్ని గదండీ" అంటూనే, ఉన్న దాంట్లో సగం ఆవిడ కంచంలో పెట్టింది. కరుణమ్మ గారు అదంతా శుభ్రంగా తిన్నారు. పోషకాల గురించి ఒక్క మాటైనా చెప్పలేదు. "ఎల్లుండి మళ్ళీ వస్తానక్కా" అని చెయ్యి కడుక్కుని బయటికి వచ్చారు.

దారిలో నేను ఆగలేకపోయాను. "ఆ పిల్లకి రక్తం లేదని మనమే గోల పెడుతున్నాం. ఉన్న పిడికెడూ మీరు తినేసి వచ్చారు."

"తిన్నాను. ఎల్లుండి కూడా తింటాను."

"ఎందుకండీ?"

"ఎండ తగ్గాక మాట్లాడుకుందాం వాణీ, తల తిరుగుతోంది" అన్నారు. అంతే. ఎండ తగ్గింది గాని ఆవిడ చెప్పలేదు. ఏ పని ఎందుకు చేస్తున్నదీ ముందుగా చెప్పకపోవడం ఆవిడకున్న గొప్ప దుర్గుణం. నా రైలు ఎలాగూ పోయింది. కిక్కిరిసిన బస్సులో నిలబడి తెనాలి వస్తూ, రేపే రాజీనామా రాసిచ్చేయాలనుకున్నాను. బరువు తగ్గించే క్లినిక్కులో ఏసీ గదిలో ఉద్యోగం ఉందని నా స్నేహితురాలు అప్పటికే చెప్పి ఉంది.

అన్నట్టుగానే మళ్ళీ వెళ్ళాం. ఈసారి సీతారావమ్మ గారు గర్వంగా ఒక గిన్నె మీద మూత తీసింది. పులుసులో రెండు మంచి ముక్కలు. పక్కన విడిగా అన్నం. కరుణమ్మ గారు ఒక ముక్క తిని, రెండోది నాగమణి కంచంలోకి తోశారు. "ఇంత తినలేనమ్మా, పారెయ్యకు" అన్నారు. మళ్ళీ ఎల్లుండి వస్తానన్నారు. కానీ ఆ ఎల్లుండి వెళ్ళలేదు. ఆ తర్వాతా వెళ్ళలేదు. ఎక్కడ కనబడినా "రేపొస్తానక్కా" అని చెప్పడం, ఎగ్గొట్టడం. పది మాటల్లో తొమ్మిది అబద్ధాలు. పేటలో మాట పోతే ఇంకెవరు మన మాట వింటారని నేను ఒకరోజు గట్టిగానే అడిగాను.

ఆవిడ టీ గ్లాసు కింద పెట్టారు. "వెళితే ఆ గిన్నె నేను తినాలి. వెళ్ళకపోతే ఎవరు తింటారు?"

నేను నా గ్లాసు కూడా కింద పెట్టాను.

"ఆఖర్న తినేది ఆ పిల్లే కదా. చుట్టం కోసం తీసుంచిన కూర, చుట్టం రాలేదు. సాయంత్రానికి పాడవుతుంది. అత్తగారే తినెయ్యమంటుంది."

"ఆ మాటేదో కోడలికి తీసుంచమని తిన్నగా చెప్పొచ్చు కదండీ."

"చెబితే, నా అత్త నాకేం తీసుంచింది అని అడుగుతుంది. అడగడం న్యాయమే. ఆవిడకీ ఎవరూ ఏమీ తీసుంచలేదు. చుట్టానికి తీసుంచడానికైతే ఎవరి అనుమతీ అక్కర్లేదు."

నాకు ఏడుపొచ్చింది. ఆవిడ తెలివికి కాదు, ఈ లోకం మీద కోపంతో. కడుపుతో ఉన్న పిల్ల కంచంలో ఒక చేప ముక్క పడాలంటే ఇన్ని నాటకాలా అని కోపం. బాపట్లలో నేను చదివిన మాంసకృత్తుల లెక్కలన్నీ ఒక మూతపెట్టిన గిన్నె ముందు ఎందుకూ కొరగాకుండా పోయాయని కోపం. పై ఆఫీసుకు దీన్ని ఏమని రాయాలి? మీటింగులు ఎన్ని, హాజరైనవారు ఎందరు అని అడుగుతారు గాని, వస్తానని చెప్పి వెళ్ళని ఇళ్ళు ఎన్ని అని ఎవరూ అడగరు. క్లినిక్కు ఉద్యోగం మాత్రం నేను వదులుకున్నాను. నాగమణి కాన్పు అయ్యేవరకు చూసి వెళదామనుకున్నాను, అంతే.

నాగమణి రేపల్లెలో ఆసుపత్రిలో ఆడపిల్లను కన్నది. రక్తం ఎక్కించవలసిన అవసరం రాలేదు. మేము చూడడానికి వెళితే సీతారావమ్మ గారు మంచం పక్కనే కింద కూర్చుని ఉంది. కరుణమ్మ గారి చెయ్యి పట్టుకుని, "మీ వాటా కూర తినీ తినీ మా పిల్లకి రంగొచ్చిందండీ" అంది.

కరుణమ్మ గారు తెల్లబోయారు. "నేను రానని నీకు తెలుసా అక్కా?"

"రెండోసారి ఎగ్గొట్టినప్పుడే తెలిసిందండీ. ఊరికే తీసుంచితే మా ఆయన అడుగుతాడు. మేడమ్ గారికి అంటే అడగడు. అందుకే నేనూ ఊరుకున్నాను." ఆవిడ మనవరాలి మీద గుడ్డ సర్దుతూ, "మీ పేరు చెప్పి నేనూ రెండుసార్లు తిన్నాలెండి" అంది.

ఆ రోజు తిరిగొస్తూ కరుణమ్మ గారు బస్సులో కిటికీ వైపు తిరిగి కొంగుతో కళ్ళు తుడుచుకున్నారు. నేను చూడనట్టు ఉన్నాను. ఆవిడ మీద నాకున్న ప్రేమ అంతా ఆ రోజే పుట్టిందనుకుంటాను. ఆ తర్వాత ఆవిడ రిటైరయ్యేదాకా నేను ఆ ఉద్యోగం వదల్లేదు. ఇప్పటికీ వదల్లేదు. ఆవిడ కుర్చీలోనే కూర్చుంటున్నాను.

ఈ ఏడు వేసవిలో ఫోన్ వచ్చింది. కరుణమ్మ గారు ఆదివారం చర్చిలో పాట పాడుతూ నిలబడ్డ చోటే కూలిపోయారట. డాక్టరు పరీక్ష చేసి, ఒంట్లో రక్తం లేదన్నాడట. ఆ మాట విని నాకు వచ్చినంత కోపం జన్మలో ఎప్పుడూ రాలేదు. పేటలన్నీ తిరిగి, తపేలా చప్పుళ్ళు విని, ఊరందరి ఆడవాళ్ళ కంచాల్లోకి తొంగిచూసిన మనిషికి రక్తం లేదా? నాకు ఆవిడను పరామర్శించాలనిపించలేదు, తగువు పెట్టుకోవాలనిపించింది. సంచి సర్దుకుని రేపల్లె రైలెక్కాను.

వాళ్ళ వీధిలోకి వచ్చేసరికి మూడయింది. గేటు తీస్తుండగానే వినబడింది. గరిటె తపేలా అడుగును గీకుతోంది. తలుపు తీసే ఉంది. హాల్లో వాళ్ళాయన, రిటైరైన హెడ్మాస్టరు గారు, ముఖం మీద పేపరు కప్పుకుని కునుకు తీస్తున్నారు. వంటింట్లో కరుణమ్మ గారు పొయ్యి గట్టుకు ఆనుకుని నిలబడి, తపేలాలోనే మజ్జిగ పోసుకుని కలుపుకుంటున్నారు. నన్ను చూసి ఆ చెయ్యి వెనక్కి పెట్టుకున్నారు.

"ఏంటి వాణీ, చెప్పకుండా వచ్చావ్?"

తగువు పెట్టుకోవడానికి వచ్చిన దాన్ని, పీట లాక్కుని కూర్చుని సంచిలోంచి కంచం తీశాను. "ఆకలేస్తోందండి. అన్నం పెట్టండి."

ఆవిడ నా కంచం వైపు చూశారు. ఆ తర్వాత ఖాళీగా ఉన్న కూర గిన్నె వైపు చూశారు. "దొంగదానా" అన్నారు మెల్లగా.

మాటలు విని మాస్టారు లేచి వచ్చారు. తపేలా చూశారు, గిన్నె చూశారు, నా కంచం చూశారు. పిల్లలంటే ప్రాణం పెట్టే మంచి మనిషి, భార్యంటే ఎంతో గౌరవం. ఆవిడ ఏం తింటుందో మాత్రం ఆయన ఇన్నేళ్ళలో ఒక్కసారైనా చూడలేదు. ఆయన ముఖం అచ్చం సీతారావమ్మ గారి ముఖంలాగే మాడిపోయింది. "ముందే చెబితే కూర తీసి ఉంచేవాళ్ళం కదమ్మా" అన్నారు.

"ఎల్లుండి మళ్ళీ వస్తాను మాస్టారూ, ఈ వేళకే" అన్నాను.

అన్నట్టే వెళ్ళాను. ఆ తర్వాత వెళ్ళలేదు. ఫోన్ చేసి రేపు వస్తానని మాస్టారితో చెబుతాను, ఆయన స్వయంగా తీసి మూత పెడతారు, నేను వెళ్ళను. ఇవాళ మధ్యాహ్నం కరుణమ్మ గారే ఫోన్ చేశారు. గొంతు నిండా చిరాకు. "వస్తానని చెప్పి రాకపోవడమేంటి వాణీ? ఇవాళ కూడా గుడ్ల కూరంతా నేనే తినాల్సొచ్చింది. ఆయన పక్కన కూర్చుని మరీ చూస్తున్నారు."

"రేపు తప్పకుండా వస్తానండి" అన్నాను.

ఫోన్ పెట్టేశాక పక్క ఫ్లాటులో మొదలైంది. నేను ఒంటిగంటకే కడుపు నిండా తిన్నాను. పొద్దుటి నుంచి తిరిగి తిరిగి కాళ్ళు లాగుతున్నాయి, ఒక్క అరగంట నడుం వాలుద్దామనుకున్నాను. సుధ గారితో నాకు మెట్ల మీద నవ్వుకునేటంత పరిచయం తప్ప ఇంకేమీ లేదు, ఆవిడ ఏమనుకుంటారో కూడా తెలియదు. ఆ గరిటె ఆగేలా లేదు. విసుక్కుంటూ లేచి, సంచిలోంచి కంచం తీసుకుని, వెళ్ళి పక్కింటి బెల్లు కొట్టాను.