మూడు నిమిషాల తొకుజి

అసనుమ తొకుజిని ఏమడిగినా జవాబు ఒక్కటే: "ఉత్తర దైతో పదమూడు కిలోమీటర్లు, గాల్లో మూడు నిమిషాలు!" మా దీవి దక్షిణ దైతోలోని విమానాశ్రయం టిక్కెట్ కౌంటర్లో పదకొండేళ్లు ఆయన పక్క కుర్చీ నాదే. మరుగుదొడ్డి ఎటని అడిగినవాడికి కూడా ఆయన అదే చెప్పేవాడు. అదీ చెరకు తోటల్లో పనిచేసేవాళ్లు తలెత్తి చూసేంత గొంతుతో.

ఒకసారి పట్నం పెద్దమనిషి ఒకాయన గోడమీది టైంటేబుల్ చూపించాడు.

"ఇక్కడ పదిహేను నిమిషాలని ఉందే?"

"అది తలుపు వేసినప్పటి నుంచి తీసేదాకా బాబూ. నేలమీద దొర్లడం కూడా ప్రయాణమేనా? గాల్లో మూడే!"

"ఎదురుగాలి ఉంటే?"

"మూడే!"

"తుఫానొస్తే?"

"విమానమే లేదు. సున్నా!"

"అన్నా, కాస్త మెల్లగా. చెవులు చిల్లులు పడుతున్నాయి" అని నేను గొణిగితే, "నీకు తెలీదులే హరుమీ, కూర్చో" అనేవాడు.

హాల్లో చివరి బెంచీ హత్సుయె మామ్మది. ఎనభై నాలుగేళ్లు, కాస్త చెవుడు. రోజూ వచ్చి, విమానం వెళ్లేదాకా కూర్చుని పోయేది. ఎందుకొచ్చావంటే ఏసీ చల్లగా ఉంటుందని అనేది. జనవరిలోనూ అదే మాట. కిటికీలోంచి, సముద్రం అవతల నీలంగా కనబడే పక్క దీవి ఉత్తర దైతోని రెప్పవేయకుండా చూసేది. అక్కడ ఆమె చెల్లెలు మిత్సు మంచానపడి ఉంది. ఇరవై రెండేళ్లుగా ఫోన్లో గొంతు వినడమే తప్ప ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. ఓడెక్కాలంటే మా రేవులో మనుషుల్ని బుట్టలో కూర్చోబెట్టి క్రేనుతో ఎత్తి దించుతారు. మామ్మ మోకాళ్లు అందుకు పనికిరావు. విమానమంటే ప్రాణభయం. ఆ మాట ఎవరైనా అన్నారో, చచ్చారే!

"భయమా? నాకా?" అని లేచేది.

ఆ ఏడాది చెరకు కోతల ముందు మిత్సు నుంచి కబురొచ్చింది. చూపు మందగిస్తోందట. "అక్కా, కళ్లు పోకముందే నీ ముఖం చూడాలనుంది" అందట.

మర్నాడు మామ్మ బెంచీకి పోకుండా నేరుగా కౌంటర్‌కి వచ్చింది.

"ఒరేయ్ తొకుజీ, ఒక టిక్కెట్టు కొట్టు."

ఆయన చేతిలోని పెన్ను కింద పెట్టి ఆమె వంక చూశాడు.

"గుడ్లప్పగించి చూస్తావేంరా? ఇన్నేళ్లూ నా చెవిలో ఇల్లు కట్టుకుని అరిచావుగా. మూడు నిమిషాలు కళ్లు మూసుకోలేనా?"

నాకు అప్పుడు వెలిగింది. ఆ కేకలు ప్రయాణికుల కోసం కాదు. భయపడకని ఎదురుగా చెబితే మామ్మకు పౌరుషం. అందుకే ఊరంతా పిచ్చివాడనుకున్నా సరే, చివరి బెంచీకి వినబడేలా అరిచాడు. పదకొండేళ్లు విసుక్కున్నందుకు సిగ్గేసింది.

విమానం లేవగానే తొకుజి గడియారం, బైనాక్యులర్స్ పట్టుకుని బయటికి పరుగెత్తాడు. పాలిపోయిన ముఖంతో తిరిగొచ్చాడు.

"ఎంత పట్టిందన్నా?"

"ఐదున్నర. పాడు గాలి! మామ్మతో అనకు."

సాయంత్రం ఫోన్ మోగింది. మామ్మే. నాకు కూడా వినబడేంత కేక:

"ఒరేయ్, అబద్ధాలకోరూ!"

తొకుజి కుర్చీలో కూలబడ్డాడు.

"మూడు నిమిషాలేమిట్రా? భయపడదామని సర్దుకునేలోపే దించేశారు! ఇదిగో, మిత్సు నా ముఖం వదలడం లేదు, ముడతలు లెక్కపెడుతోంది. ఇప్పట్లో రాను. ఇరవై రెండేళ్ల కబుర్లురా, ఇంకా మొదటి ఏడాదే అవలేదు."

ఆయన ఖాళీ బెంచీ వైపు చూశాడు. హాలంతా బోసిపోయింది.

"తొందరేం లేదు మామ్మా. అన్నీ చెప్పుకునే రా" అన్నాడు, నేనెప్పుడూ ఎరగనంత మెల్లగా.