ఒరెస్ట్ విసిరిన మాటలు

కెనడాలోని సస్కాచెవాన్‌లో మా ఊరి ఐస్ హాకీ కుర్రాళ్ళకి ఒరెస్ట్ హ్రింకివ్ నేర్పింది ఒకటే. పక్, అంటే ఆ రబ్బరు బిళ్ళ, కర్రకి అందిందా, గోలు మీదికి కొట్టు. ఎన్నిసార్లు అందితే అన్నిసార్లు కొట్టు. పగలంతా ధాన్యం గోదాములో లారీలు తూచి, సాయంత్రం గొంతు పోయేలా మా మీద అరిచేవాడు.

"ఏంట్రా ఆగావు? ఫొటో దిగుతున్నావా? కొట్టు!"

"గోల్‌కీపర్ ఆపేస్తాడు కోచ్!"

"ఆపనీ. వాడి కాళ్ళకి తగిలి వెనక్కొస్తుందిగా. అక్కడ లైల్ గాడున్నాడు, తోసేస్తాడు."

లైల్ అంటే నేనే. స్కేటింగ్ సరిగా రాని మొద్దుని. గోలు ముందు నిలబడి దెబ్బలు తినడమే నా పని. నేను వేసిన గోల్స్ అన్నీ ఇంకొకరు కొట్టగా వెనక్కొచ్చిన పక్‌ని తోసినవే. గోలు పడగానే ఆయన వచ్చి నా భుజం మీద ఒక్కటి చరిచేవాడు.

ముసలితనంలో ఆయనకి పక్షవాతం వచ్చింది. నడక కొంత తిరిగొచ్చింది గానీ మాటలు తారుమారయ్యాయి. మనసులో ఒకటి, నోట్లో ఇంకొకటి. హాకీ ఆడే రింక్ దగ్గర అందరి ముందూ భార్య పరాస్కాని "బకెట్టు" అని పిలిచాడు. ఎవరో కిసుక్కుమన్నారు. ఆ రోజు నుంచి నోరు మూసేశాడు. ఆ నవ్విన వెధవని ఇప్పటికీ క్షమించలేదు నేను.

పరాస్కా నా దగ్గరికొచ్చింది. "నా మాట వినడు లైల్. ఆయన నోట నా పేరు మళ్ళీ వినకుండానే పోతానేమో."

వెళ్ళి వాళ్ళ వంటింట్లో ఆయన ఎదురుగా కూర్చున్నాను. "ఏంటి కోచ్, ఫొటో దిగుతున్నారా? కొట్టండి!"

గుడ్లురిమి చూశాడు. తర్వాత మెల్లిగా, "బకెట్టు" అన్నాడు.

"ఆఁ, చెప్పవయ్యా," అంది పరాస్కా.

"గురువారం."

"ఆఁ."

"ఆవు!"

"ఆవునే. ఏం కావాలి, పాలా?"

ముగ్గురం ఏడుస్తూ నవ్వాం. అప్పట్నుంచి రోజంతా మాటలు విసురుతూనే ఉండేవాడు. ఏ మాటకైనా ఆవిడ పలికేది. పేరు మాత్రం రాలేదు.

మంచు కరగకముందే పరాస్కా గుండె ఆగి పోయింది.

చర్చిలో పెట్టె మూయబోతుంటే ఒరెస్ట్ అడ్డంగా చెయ్యి పెట్టాడు. వంగి ఆవిడ మొహంలోకి చూస్తూ, "బకెట్టు," అన్నాడు. "గురువారం. రొట్టె. ఆవు." ఒక్కో మాటకీ ఆగి చూస్తున్నాడు. "ఆఁ" అనేవాళ్ళు లేరు. ఫాదర్ తల దించుకున్నాడు. ఒరెస్ట్ పెదాలు ఇంకా కదులుతున్నాయి, మాట రావడం లేదు. తల తిప్పి నాకోసం వెతికాడు.

నేను పక్కనే ఉన్నాను.

"పరాస్కా," అన్నాను, పెట్టె వైపు వంగి.

ఆయన కళ్ళు మూసుకున్నాడు. పనిచేసే చేత్తో నా భుజం మీద ఒక్కటి చరిచాడు. ఎప్పటి దెబ్బే. నేను భోరుమన్నాను. అప్పుడు పెట్టె దగ్గర్నుంచి పక్కకి జరిగాడు, మూత వేశారు.