నమిలిపెట్టిన ముద్ద

నోట్లో పదకొండు పుల్లలు పెట్టుకుని ఈ మాటలు రాస్తున్నాను. ఐస్‌క్రీమ్ పుల్లల్లాంటివే, కాస్త వెడల్పు ఎక్కువ. ఒకదాని మీద ఒకటి పేర్చి, ముందు పళ్ళ మధ్య దూర్చి, రోజూ పొద్దున పది నిమిషాలు అట్లాగే కూర్చోవాలనీ, వారానికొక పుల్ల పెంచుకుంటూ పోవాలనీ కరీంనగర్‌లో నాకు దవడ వ్యాయామం నేర్పే అమ్మాయి చెప్పింది. చెప్పడానికేం, చెప్తుంది. గడ్డం మీదుగా చొంగ కారి కాగితం మీద పడుతుంటే, చెవి ముందరి కీలు మేకు దిగ్గొట్టినట్టు సలుపుతుంటే, యాభైకి దగ్గర పడ్డ ఆడమనిషికి అద్దంలో తన మొహం తాను చూసుకోవడం ఎంత రోతో ఆ పిల్లకేం తెలుసు! అన్నిటికంటే రోత ఆ వాసన. ఉమ్మిలో నానిన కర్ర వాసన. అది ముక్కుకు తగలగానే నేను ఎనిమిదేళ్ళ పిల్లనైపోతాను, నోట్లో పుల్లలకు బదులు కండె ఉంటుంది, కండె రెండో కొస మా బాపమ్మ చేతిలో ఉంటుంది.

వేములవాడకు కొద్ది దూరంలో, కరెంటు పోతే తప్ప చప్పుడు ఆగని వాడ మాది. కరెంటు మగ్గాలను మా దగ్గర సాంచాలంటారు. నాన్నను బాపు అని, అమ్మను అవ్వ అని పిలిచేవాళ్ళం. బాపు ఒక షెడ్డులో సాంచాలు నడిపేవాడు, అవ్వా, బాపు తల్లి అయిన బాపమ్మా ఇంట్లో కండెలు చుట్టేవాళ్ళు. కండె అంటే దారం చుట్టే కర్రపుల్ల, ఒక కొస సన్నగా, ఇంకో కొస లావుగా ఉంటుంది. ఆ కర్రకు మిషన్ నూనె, చెమట, గంజి అన్నీ పట్టి ఒక జిడ్డు వాసన వేసేది. ఇంట్లో ఎక్కడ చూసినా దూదిపొట్టే, నీళ్ళబిందె మీద, రొట్టెల మీద, పప్పులో, పిల్లల ముక్కుల్లో. ఎండాకాలం చెమటకు అంటుకునేది, వానాకాలం గోడలకు అంటుకుని బూజులా వేలాడేది. పాత కండెలతో మేము ఇళ్ళు కట్టి, బండ్లు చేసి, విరిగినవాటితో కత్తియుద్ధాలు చేసేవాళ్ళం. బాపమ్మ మాత్రం గోడకు ఆనుకుని, కాళ్ళు బారజాపి, పొద్దంతా దారం చుడుతూ, కొసను కత్తెరతో కాకుండా పళ్ళతో టక్కున కొరికేది. కొరికీ కొరికీ ఆమె ముందు పంటికి సన్నని గాడి పడింది. అరవై దాటినా ఒక్క పన్ను కదల్లేదని ఆమెకు గర్వం, రొండిన దోపుకున్న తమాకు డబ్బీ, అదే నమిలే పొగాకు డబ్బీ, ఆమెకు ప్రాణం.

ఒక చలికాలం పొద్దున లేచేసరికి నాకు మోకాళ్ళు వంగలేదు. నెల తిరిగేలోపు దవడ కూడా పట్టేసింది. రొట్టె కొరకబోతే చెవిలోంచి నొప్పి లేచి కణత దాకా పోయేది. పిల్లలకు కూడా కీళ్ళవాతం వస్తుందని, దవడది కూడా కీలేనని మా వాడలో ఎవరికీ తెలియదు. ఇక మొదలయ్యాయి మందులు. వెల్లుల్లి దంచి బుగ్గకు కట్టారు, తోలు ఊడింది. ఆదిలాబాద్ దిక్కు నుంచి వచ్చే ఒక పసరు వైద్యుడు పచ్చగా, జిగటగా ఉన్నదేదో నాలుక మీద పోశాడు, రెండు రోజులు కక్కుతూనే ఉన్నాను. సంచిలో పట్కారు వేసుకుని తిరిగే ఇంకొకాయన, "పండ్లు పాడైనయి, పీకేస్తే పరేషానే ఉండది" అని నిక్షేపంలాంటి దంతాలు రెండు పీకి, రక్తం కారే ఆ మొహానికే బెల్లం ముక్క చూపించి నవ్వాడు. నొప్పి అట్లాగే ఉంది, దంతాలు పోయాయి. థూ! ఇప్పటికీ బెల్లం వాసనకు నాకు నోట్లో రక్తం రుచి వస్తుంది.

ఈ వైద్యులందరినీ బాపమ్మ ఒకరోజు తిట్టి గడప అవతలికి తోలింది. అప్పటి నుంచి వైద్యం ఆమెదే. గోరువెచ్చటి నీళ్ళలో తడిపిన గుడ్డతో దవడకు కాపడం పెట్టి, కండె సన్న కొసను నా పళ్ళ మధ్య పెట్టి మెల్లగా లోపలికి తోసేది. ఎంత లోపలికి పోతే నోరు అంత తెరుచుకున్నట్టు. పోయిన చోట ఎర్రదారం కట్టేది. మర్నాడు దానికన్నా ఒక్క వడ్లగింజంత ముందుకు పోవాలి.

"జర తెర్వు బిడ్డా. నిన్న గీ దారం దాక పోయింది గదా, గియ్యాల ఏమైంది?"

నూనె, గంజి, ఎందరి చేతుల జిడ్డో కలిసిన ఆ కర్ర నాలుకకు తగలగానే దాన్ని నాలుకతో బయటికి తోసేదాన్ని. ఏడిస్తే దవడ ఇంకా నొప్పి పుట్టేది, అందుకని ఏడుపు కూడా మింగేసేదాన్ని.

కర్రకన్నా పెద్ద రోత తిండి. బతుకమ్మ పండగప్పుడు బతికిపోయేదాన్ని. రొట్టెలు నలిపి చక్కెర, నెయ్యి కలిపిన మలీద, పల్లిపొడి, నువ్వులపొడి అన్నీ నాలుకతో అణిచి మింగేవే. పండగ పోయిందంటే మళ్ళీ గంజి, మెత్తని పప్పన్నం. నేను ఎండిన తొక్కలాగా అయిపోతుంటే చూడలేక బాపమ్మ ఒక పని మొదలుపెట్టింది. జొన్నరొట్టె, పల్లీలు, ఆదివారం నాడు కూర ముక్క ఏదైనా సరే తన నోట్లో వేసుకుని, మెత్తగా నమిలి, అరచేతిలోకి తీసి, చిన్న ముద్ద చేసి నా నోట్లో పెట్టేది. అవును, నమిలిందే. వెచ్చగా, జిగటగా, రంగు లేకుండా ఉండేది. ప్రతి ముద్దలోనూ ఒక ఉప్పన ఉండేది, ఎందుకంటే నాకు పెట్టేముందు ఆమె వేపపుల్లతో పళ్ళు తోముకుని, ఉప్పునీళ్ళతో నాలుగుసార్లు పుక్కిలించేది. అంతే కాదు, తమాకు డబ్బీ కూడా పక్కింటావిడకు ఇచ్చేసింది. ఇవ్వడం నేను చూశాను. ఈ మాట గుర్తుంచుకోండి.

కళ్ళు మూసుకుని మింగేదాన్ని. మింగబట్టే ఒంట్లోకి సత్తువ వచ్చింది, మెట్లెక్కగలిగాను, బడికి పోగలిగాను. రోత మాత్రం రవ్వంత కూడా తగ్గలేదు. ఇంట్లో తలుపు వేసి పెట్టేదని ఓర్చుకున్నాను.

ఆ బతుకమ్మ తర్వాత వచ్చిన ఎండాకాలంలో మా చిన్న మేనత్త పెళ్ళి. వారం ముందు నుంచీ వాడలోని ఆడవాళ్ళంతా తెల్లబట్ట పరిచి, చుట్టూ కూర్చుని, వామూ నువ్వులూ కలిపిన తడి బియ్యప్పిండిని వేళ్ళ సందున మెలిపెడుతూ చుట్లు చుట్లుగా సకినాలు పోశారు. నూనెలో అవి వేగుతున్న వాసనకు నా నోరు ఊరేది, దవడ కొరకనిచ్చేది కాదు. తోటి పిల్లలు కరకరా నములుతుంటే ఆ చప్పుడు వినలేక చెవులు మూసుకునేదాన్ని. పెళ్ళినాడు సుల్తానాబాద్ నుంచి పెళ్ళివాళ్ళు వచ్చారు. పందిట్లో మోదుగాకు విస్తళ్ళ ముందు అందరం కూర్చున్నాం, బగారన్నం, యాటకూర, పక్కన ఒక్కో సకినం. ఆ ఒక్క రోజైనా అందరిలా తినాలని కొత్త లంగా సర్దుకుని కూర్చున్నాను. ముక్క నోట్లో పెట్టుకుంటే దవడ టక్కుమని పట్టేసింది, కళ్ళలో నీళ్ళు తిరిగాయి. చూసింది బాపమ్మ. పెళ్ళికూతురి తల్లి, వంద పనుల్లో ఉన్న మనిషి, వచ్చి నా పక్కన కూలబడి, నా విస్తట్లో ముక్క తీసుకుని నమిలి, అరచేతిలో పెట్టుకుని నా నోటి దగ్గరికి తెచ్చింది.

"ఛీ, ఎంగిలి! ముసలామె నమిలింది తింటున్నదిరా గీ పిల్ల!" అన్నాడు పెళ్ళివాళ్ళ పిల్లవాడొకడు. విస్తరి వెంట విస్తరి నవ్వు పాకింది.

నేను ఆ ముద్దను బాపమ్మ చేతిలోనే ఉమ్మేశాను. ఉమ్మేసి, అందరికీ వినబడేలా, "నీ నోరు తమాకు కంపు కొడ్తున్నది, నాకద్దు పో!" అన్నాను.

అబద్ధం. ఆ నోటికి ఉప్పు వాసన, వేప వాసన తప్ప ఇంకే వాసనా లేదు. నాకు తెలుసు, నాకు తెలుసని ఆమెకూ తెలుసు. ఆమె చేతిలోది కొంగుకు తుడుచుకుని, లేచి, వడ్డించేవాళ్ళ దగ్గరికి పోయింది. పెళ్ళైన మర్నాడు పొద్దున చూస్తే తమాకు డబ్బీ మళ్ళీ ఆమె రొండిన ఉంది.

ఆ తర్వాత ఆమె నాకు నమిలిపెట్టలేదు. కండె వైద్యం మాత్రం ఆపలేదు, తిండి రోట్లో దంచి ఇచ్చేది. దంచింది ఇసకలాగా ఉండి గొంతుకు అడ్డంపడేది, సగం వదిలేసేదాన్ని. వానాకాలానికి మళ్ళీ మెట్లెక్కలేకపోయాను. అవ్వ రోజూ పోరు పెట్టేది, "పోయి తప్పైంది అనరాదే, నమిలి పెడ్తది" అని. అననే లేదు. ఎనిమిదేళ్ళ పిల్లకు అంత పొగరు ఎక్కడిదో!

తర్వాత ఎప్పటికో పట్నంలో ఒక డాక్టరు నా రోగం పేరు పట్టుకున్నాడు. మందులు పడ్డాయి, వాపులు తగ్గాయి, దవడ తెరుచుకుంది. చదువుకుని మెట్‌పల్లిలో టీచరునయ్యాను. ఒకసారి సెలవుల్లో సకినాలు తీసుకుని ఇంటికి పోయాను. అప్పటికి బాపమ్మకు దారం కొరికిన ఆ గాడి పన్నుతో సహా అన్నీ ఊడిపోయాయి. సకినం చేతిలోకి తీసుకుని, అటూ ఇటూ తిప్పి, నాలుకతో ఒకసారి నాకి, నా మొహంలోకి చూసింది.

"నీ పండ్లు మంచిగున్నయి గదా బిడ్డా" అంది.

అంతే అంది. నాకు అర్థమైంది. నా పక్కన కూర్చున్న అవ్వకూ అర్థమైంది. నా నోట్లో నీళ్ళూరాయి, ఆశతో కాదు, డోకుతో. లేచి, సకినాలు మిక్సీలో వేసి పొడి చేసి, పాలలో కలిపి గిన్నెలో తెచ్చిపెట్టాను. ఆమె చెంచాతో నాలుగుసార్లు తిని గిన్నె కింద పెట్టింది.

"మంచిగనే ఉన్నది. ఉప్పే లేదు."

"సకినాలల్ల ఉప్పు లేకుంట ఎట్లుంటది అత్తా?" అంది అవ్వ.

నేను గిన్నె తీసుకుని కడగడానికి పోయాను. ఆ ఏడే ఆమె పోయింది.

ఇప్పుడు ఆ వాడలో సగం సాంచాలు ఆగిపోయాయి, ఉన్నవాటికి ప్లాస్టిక్ కండెలు వచ్చాయి, మా రోలు ఎవరింటి ముందు మెట్టయిందో తెలియదు. నా రోగం మాత్రం రెండేళ్ళ కిందట భద్రంగా తిరిగొచ్చింది. మందుల వేడికి నోరంతా పూత, పట్టేసిన దవడ. తిండి మిక్సీలో తిప్పుకుని, బూడిదరంగు జావలా చేసుకుని తాగుతాను. ఆ సమయానికి నా కూతురు పళ్ళెం పట్టుకుని హాల్లోకి పోతుంది. తప్పు పట్టను, ఆ ముక్కు విరుపు నా దగ్గర నేర్చిందే. నిన్న దుకాణం నుంచి సకినాలు తెప్పించి పొడి చేసి పాలలో కలుపుకున్నాను. చప్పగా ఉంది. చిటికెడు ఉప్పేశాను, నోటిపూత భగ్గుమంది. ఇంకో చిటికెడు వేశాను, కళ్ళలో నీళ్ళు కారాయి తప్ప ఆ రుచి రాలేదు.

మారిపోయానని చెప్పుకోను. బాపమ్మ ఇప్పుడొచ్చి నా పక్కన కూలబడి, నమిలి, అరచేతిలో పెట్టుకుని నా నోటి దగ్గరికి తెస్తే నాకు డోకు వస్తుంది, తప్పకుండా వస్తుంది. అయినా నోరు తెరుస్తాను, పదకొండు పుల్లలు పట్టేంత.