ఆ గాలిలో నేను ఎక్కనన్నాను

రాష్ట్రం విడిపోయిన మరుసటి ఏడు భావనపాడు బీచిలో ఏదో ఉత్సవం పెట్టి, ఒక చిన్న విమానం తెచ్చి జనాన్ని ఎక్కించారు. మైక్రోలైట్ అంటారు దాన్ని. నడిపేవారు కాక ఇంకొక్కరే పడతారు. తడిసి గట్టిపడిన ఇసుక మీంచి లేచి, పడవల మీదుగా ఒక చుట్టు తిప్పి దించేసేవారు. నేను కోటబొమ్మాళి దగ్గర ఒక హైస్కూల్లో ఫిజిక్సు టీచరుని. అప్పటికి నలభై దాటాయి. రెక్క మీద గాలి ఎలా పనిచేస్తుందో బోర్డు మీద బాణాలు గీసి చెప్పడమే తప్ప, ఏనాడూ విమానం ఎక్కినదాన్ని కాదు. ఆ రోజు ఎక్కి ఒక చుట్టు తిరిగాను. కిందికి దిగాక, నడిపినాయన్ని అడిగాను.

"ఇది నేర్పుతారా?"

"మీవారికా?" అన్నారాయన.

"నాకే."

ఆయన నా చీర వైపు చూశారు, తర్వాత చెప్పుల వైపు చూశారు. "శృంగవరపుకోట అవతల మా క్లబ్బుకి రన్‌వే ఉందమ్మా. అంత దూరం రాగలిగితే రండి" అన్నారు. రాలేనన్న ధీమాతోనే అన్నారని తెలుస్తూనే ఉంది. ఆ వారమే వెళ్ళాను.

జీడితోటల మధ్య చదును చేసుకున్న మట్టి నేల అది. వెనక కొండలు. శనివారం బడి అయ్యాక రైలెక్కి విజయనగరంలో మా పిన్ని ఇంట్లో పడుకుని, ఆదివారం తెల్లవారుతూనే బస్సు పట్టుకుని వెళ్ళేదాన్ని. పంజాబీ డ్రస్సు, కాన్వాసు బూట్లు. మా ఆయన రైల్వేలో పనిచేస్తారు, మాటలు తక్కువ. "నువ్వెళ్తానంటే నేనాపలేను. పడిపోతే మాత్రం నాకు సెప్పకు" అన్నారు. అదే ఆయన ఇచ్చిన అనుమతి.

గొడవంతా చర్చిలో వచ్చింది. మా తాతల నాటి నుంచీ బాప్టిస్టు మిషను చర్చి మాది. ఆదివారం ఆరాధనకి నేను కనిపించకపోవడం అందరికీ తెలిసింది. వర్షం వల్ల ఎగరడం కుదరని ఒక ఆదివారం వెళ్ళి కూర్చున్నాను. సంఘపెద్ద ఒకాయన ప్రార్థనకి లేచి, కళ్ళు మూసుకుని, "ప్రభువా, నీ బిడ్డ ఒకతె పిట్టలాగ గాల్లో తిరుగుతన్నాది. ఆడదానికి తగని కోరిక అది. దాని మనసు మార్చి నేల మీదికి దించు తండ్రీ" అన్నారు. అందరూ ఆమెన్ అన్నారు. పక్కనున్న మా వదిన మరీ గట్టిగా అంది.

మా చర్చిలో ఎవరైనా లేచి ప్రార్థన చేయవచ్చు. నేనూ లేచాను. "ప్రభువా, వచ్చే ఆదివారం గాలి నెమ్మదిగా ఉండేటట్టు సూడు. కొండల మీద మబ్బు లేకుండా సూడు" అన్నాను. ఆమెన్ చెప్పడానికి ఎవరికీ నోరు రాలేదు. నా ఆమెన్ నేనే చెప్పుకుని కూర్చున్నాను.

నేర్చుకోవలసిన గంటలు పూర్తయ్యాయి. ఒంటరిగా ఎగరడమూ అయింది. సర్టిఫికెట్టు రావాలంటే బయటినుంచి వచ్చే ఎగ్జామినర్ని పక్కన కూర్చోబెట్టుకుని నడిపి చూపించాలి. ఎండలు ముదురుతున్న రోజుల్లో ఆయన వస్తున్నారని కబురొచ్చింది. పొద్దున్నే, గాలి లేవకముందే పరీక్ష అన్నారు. నేను చీకటితోనే వెళ్ళి విమానం అంతా తడిమి చూసుకుని సిద్ధంగా ఉన్నాను. ఆయన కారు విశాఖపట్నం నుంచి వచ్చేసరికి ఎండ నెత్తికెక్కింది. అప్పటికి గాలి రన్‌వేకి అడ్డంగా తిరిగింది. గాలి ఎటు వీస్తోందో చూపే గుడ్డసంచి బిగుసుకుని కర్రలా నిలబడింది. కట్టి ఉంచిన విమానం తాళ్ళని గుంజుతోంది.

"పదండమ్మా, త్వరగా కానిద్దాం. సాయంత్రం నాకు ఫ్లైటుంది" అన్నారాయన.

"ఈ గాలిలో నేను ఎక్కను సార్" అన్నాను.

ఆయన నవ్వారు. "భయమా?"

"భయమే సార్. ఈ బండికి అడ్డగాలి ఎంతవరకు తట్టుకుంటాదో దాని పుస్తకంలో రాసి ఉన్నాది. ఇది అంతకన్నా ఎక్కువ."

"రోజూ ఎగిరేవాణ్ని, నేను పక్కనుంటాను కదా. అయినా టీచరై ఉండి ఆ భాషేమిటమ్మా? తట్టుకుంటాది, ఉన్నాది!"

"మా ఊళ్ళో ఉన్నాదనే అంటాం సార్."

నాకు నేర్పిన గురువుగారు, ఆనాడు బీచిలో విమానం నడిపినాయనే, నన్ను పక్కకి తీసుకెళ్ళారు. "పెద్దాయన. ఒక్క చుట్టు తిప్పి దించేయండి, పాసైపోతారు. కాదంటే మళ్ళీ ఎప్పుడొస్తారో ఎవరికి తెలుసు?" అన్నారు. గాలి చూడకుండా తాడు విప్పొద్దని మొదటిరోజు నుంచీ చెప్పిందీ ఆయనే. ఆ మాట ఆయనకి గుర్తుచేశాను. ఆయన వెళ్ళి విమానం తాళ్ళు ఇంకాస్త బిగించారు. ఎగ్జామినరు మంచినీళ్ళు కూడా తాగకుండా కారెక్కారు. "భయపడేవాళ్ళకి ఈ పని ఎందుకు?" అని అద్దం దించి మరీ అని వెళ్ళారు.

బస్సులో వస్తూ ఏడ్చాను. పక్కనున్నావిడ ఎవరు పోయారని అడిగింది. మా ఊళ్ళో మాత్రం టీచరుగారు పరీక్ష తప్పారని చెప్పుకున్నారు. రాసిన పరీక్షయితే కదా తప్పడానికి, అని కనిపించిన వాళ్ళందరితోనూ వాదించాను. ఆదివారాలు వెళ్ళడం మానలేదు.

వరికోతలైపోయిన చలిరోజుల్లో ఆయనే మళ్ళీ వచ్చారు. ఈసారి పొద్దున్నే. నన్ను గుర్తుపట్టారు. "ఇవాళ గాలి మీకు నచ్చిందా?" అన్నారు.

"నచ్చింది సార్."

లేచాం. చెప్పిన ఎత్తులో తిప్పాను, వేగం తగ్గించి మళ్ళీ అందుకోవడం చూపించాను. అంతా బాగానే సాగుతోంది. కొండల వైపు తిరిగాక ఆయన హఠాత్తుగా ఇంజను జోరు పెంచే థ్రాటిల్ వెనక్కి లాగేశారు. ఇంజను మూలుగులోకి దిగింది.

"ఇంజను ఆగిపోయిందనుకోండి. ఎక్కడ దించుతారు?"

విమానం ముక్కు కాస్త వంచి కింద వెతికాను. కుడివైపు ఉలవచేను పక్కన ఒక చిన్న బీడు కనిపించింది. అటు తిప్పాను.

"అది చాలదు. ఎడమవైపు చూడండి, పెద్ద వరిమడి. అందులో దించండి."

మడి పెద్దదే, సాపుగా ఉంది. కాని దాని ఈ గట్టున ఒక కరెంటు స్తంభం, ఆ గట్టున ఒకటి. మధ్యలో తీగ కనిపించలేదు. పైనుంచి తీగ కనిపించదు.

"ఆ మడి వద్దు సార్. స్తంభాలున్నాయి, తీగుంటాది."

"నాకేం తీగ కనబడటం లేదు. చెప్పినట్టు చేయండి."

ఎత్తు తగ్గిపోతోంది. కిందటిసారి కాదన్నందుకు ఎన్ని ఆదివారాలు పోయాయో ఒక్కసారిగా గుర్తొచ్చింది. ఇప్పుడు కూడా కాదంటే ఇక ఈ మనిషి నా మొహం చూడరు.

"సార్, బండి ఇప్పుడు నా సేతిలో ఉన్నాది. ఆ మడిలోకి నేనెళ్ళను" అన్నాను.

ఆయన చెయ్యి విమానాన్ని తిప్పే స్టిక్ మీదికి వచ్చింది. ఆయన దాన్ని పట్టుకున్నారంటే పరీక్ష అక్కడితో సరి. చెయ్యి అలాగే కాసేపు గాలిలో ఉండి మోకాలి మీదికి వెళ్ళిపోయింది. నేను బీడు మీదికి దించుకుంటూ వచ్చాను. ఉలవచేలో పనిచేస్తున్న ఆడవాళ్ళు నడుములెత్తి చూస్తున్నారు. "చాలు, పైకి తీయండి" అన్నారాయన. థ్రాటిల్ పూర్తిగా తోశాను. పైకి లేచి ఎడమకి తిరిగేటప్పుడు ఆ మడి మీద ఏటవాలు ఎండ పడి తీగలు సన్నగా మెరిశాయి. ఆయన కూడా అటే చూస్తున్నారు.

దిగాక ఆయన బెల్టు విప్పుకున్నారు. "పాస్. మీతో చాలా కష్టమమ్మా" అన్నారు.

"అవును సార్" అన్నాను.

గురువుగారు టీ తెప్పించారు. ఎగ్జామినరు ఈసారి తాగారు, రెండో గ్లాసు కూడా అడిగి పుచ్చుకున్నారు. కారెక్కబోతూ గురువుగారితో ఏదో అన్నారు. ఏమన్నారని నేను అడగలేదు. కిందటిసారి అన్న మాటకి నాకొక క్షమాపణ బాకీ ఉన్నారనే ఇప్పటికీ నా అభిప్రాయం.

సొంత విమానం కొనలేదు, కొనే స్తోమతా లేదు. వీలైనప్పుడు క్లబ్బు విమానమే తీసుకుని కొండల వైపు ఒక చుట్టు తిరిగి వస్తాను. స్టాఫ్‌రూములో ఇప్పటికీ ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు, "దానివల్ల ఏటి లాభం టీచరుగారూ?" అని.

"ఏ లాభమూ లేదు" అంటాను. "ఆదివారం మళ్ళీ ఎళ్తన్నాను."