అటక మీది సన్నాయి

పన్నెండేళ్ళుగా మా అటక మీద ఒక సన్నాయి దాచి ఉంచాను. అది నాది కాదు. ఎవరిదో నాకు బాగా తెలుసు. ఈ మూడు ముక్కలు చెప్పడానికి ఇంతకాలం పట్టింది. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు అక్కరలేదు. ఆ ధైర్యంతోనే మొదలుపెట్టాను. మధ్యలో తడబడితే కాస్త ఓపిక పట్టండి.

జమ్మలమడుగు దగ్గర మాది మేళం ఇల్లు. పెళ్ళిళ్ళకూ దేవుడి ఊరేగింపులకూ సన్నాయి, డోలు వాయించడం మా పని. ఆ మేళానికి పెద్ద మా మేనమామ. నాకు విద్య నేర్పిందీ ఆయనే, పిల్లనిచ్చిందీ ఆయనే. ఆయన ఏ వస్తువూ పారేయడు. తోలు పగిలిన డోలు, సొట్టపడ్డ తాళాలు, గాలి నిలవని శ్రుతి తిత్తి, అన్నీ అటకెక్కాల్సిందే. ఆయన పోయాక ఆ గుణం నాకూ అబ్బిందని అందరూ అనుకున్నారు. "ఎలకలకు ఇల్లు కట్టించినావా?" అని నా భార్య ఏటా ఉగాదికి దుమ్ము దులిపేటప్పుడు ఎత్తిపొడిచేది. నవ్వి ఊరుకునేవాణ్ణి. నిచ్చెన మాత్రం ఎక్కనిచ్చేవాణ్ణి కాదు. పిసినారితనం అనుకుంది, పాపం. భయం అని ఆమెకెలా తెలుస్తుంది?

మామ దగ్గర నేర్చుకున్నది మేమిద్దరం. రెండోవాడు మద్దిలేటి. కరువుకు తట్టుకోలేక కోసిగి వైపు నుంచి కూలికి వచ్చిన కుటుంబం వాళ్ళది. తండ్రి పోయాక తల్లీ కొడుకూ మా వీధిలోనే ఉండిపోయారు. నాకంటే ఆరేళ్ళు చిన్న, నన్ను అన్నా అని పిలిచేవాడు. వాడు ఊదితే మామ కళ్ళు మూసుకుని వినేవాడు. నేను ఊదితే కళ్ళు తెరిచి నా వేళ్ళ వైపు చూసేవాడు. అంతే తేడా. ఆ తేడా నాకు తప్ప ఎవరికీ కనపడదనుకుంటూ ఏళ్ళు గడిపాను. మామకు కనపడింది. మంచం పట్టినప్పుడు అందరినీ పిలిచి, తన సన్నాయి మద్దిలేటి చేతికి ఇమ్మన్నాడు.

ఆ మాటకు అర్థం మీకు చెప్పాలి. మా ఇళ్ళల్లో పెద్దాయన పోయిన పదో రోజు, ఆయన వాయిద్యం సంచి విప్పి ఎవరి చేతిలో పెడితే మేళానికి వాడే పెద్ద. ఒకవేళ ఆ వాయిద్యం చీలిపోయి ఉంటే దాన్ని ఎవరికీ ఇవ్వరు. పెన్నలో కలిపేస్తారు. అప్పుడు మేళం ఆ ఇంటివాళ్ళకే ఉండిపోతుంది. అంటే అల్లుడికి, అంటే నాకు.

మామ మంచాన పడ్డ ఆ ఏడాదంతా సన్నాయికి నూనె పూసే పని మద్దిలేటిదే. మా ఎండలకు కర్ర ఊరికే చీలుతుంది. అందుకని శుక్రవారం శుక్రవారం లోపలా బయటా నువ్వుల నూనె పూసి సంచిలో పెట్టాలి. మా వసారాలో కూర్చుని పూసేవాడు. నేను ఎదురుగా కూర్చుని చూసేవాణ్ణి.

మామ వయసులో ఉన్నప్పుడు ఒకే మాను నుంచి రెండు సన్నాయిలు జతగా చేయించుకున్నాడు. వాటిలో ఒకటి ఎప్పుడో చీలి అటకెక్కింది. దాని సంగతి ఆయన నాకొక్కడికే చెప్పాడు. తొమ్మిదో రోజు మధ్యాహ్నం, అందరూ భోజనాల దగ్గర ఉండగా, నిచ్చెన వేసుకుని ఎక్కాను. చీలినదాన్ని పొడిగుడ్డతో లోపలిదాకా తుడిచాను, ఎక్కడా నూనె జాడ కనపడకూడదని. దాన్ని మామ సంచిలో పెట్టి, మంచిదాన్ని పాత పంచెలో చుట్టి డోళ్ళ వెనకాల దాచాను. దిగి వచ్చి అన్నం తిన్నాను. చేతులు వణికాయా? గుర్తు చేసుకోవాలని ఎన్నోసార్లు ప్రయత్నించాను. వణకలేదు.

పదో రోజు పెన్న ఒడ్డున మద్దిలేటి సంచి విప్పాడు. చీలిక మీద వాడి బొటనవేలు ఆగిపోయింది. జనమంతా సన్నాయిని చూడలేదు, వాణ్ణి చూశారు. "నూనె పూయల్యాదేమిరా?" అన్నారెవరో. వాళ్ళమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. ఎండాకాలం, ఏట్లో చుక్క నీరు లేదు. నీళ్ళు ఊరేదాకా ఇసుకలో మద్దిలేటే తన చేతులతో గుంత తవ్వాడు, తనే ఆ సన్నాయిని లోపల పెట్టి పూడ్చాడు. తర్వాత తన సొంత సన్నాయి తెచ్చి నా కాళ్ళ దగ్గర పెట్టాడు. గురువు వాయిద్యాన్ని ఎండబెట్టి చీల్చినవాడు ఇంకొకటి ముట్టుకోకూడదన్నాడు. నేను వద్దనలేదు. వద్దంటే బాగుండేదని అప్పుడే అనిపించింది, అయినా అనలేదు.

అంతటితో అయిపోయి ఉంటే, ఈ పాపం ఏదో ఒక్క రోజు చేసినదని సర్దుకునేవాణ్ణేమో. రెండు నెలల తర్వాత మద్దిలేటి మా వసారాలోకి వచ్చాడు. బాగా చిక్కిపోయాడు.

"అన్నా, ఒక్క మాట అడుగుతా. నేను నూనె పూస్తాంటి గదా. నువ్వు ఈడనే కూసోని చూస్తాంటివి గదా. నాకైతే పూసినట్టే ఉండాది. అందరూ ల్యాదంటాండారు. నువ్వు చెప్పు, పూసినానా?"

నేను సన్నాయి కొనకు పెట్టి ఊదే పీకను సవరిస్తూ, తల ఎత్తకుండా అన్నాను: "ఏమోప్పా, నాకు గురుతు ల్యా."

"అయితే నేను పూసి ఉండనులేన్నా" అని వెళ్ళిపోయాడు.

తన చేత్తో తాను చేసిన పనిని వాడు ఆ రోజు నా మాట మీద చేయలేదనుకున్నాడు. నేను దొంగిలించింది సన్నాయిని ఒక్కదాన్నే అని ఇన్నాళ్ళూ నాకు నేను చెప్పుకున్నాను. అది నిజమేనా? వాడు తల్లిని తీసుకుని ఊరు విడిచిపోయాడు. నేను మేళానికి పెద్దనయ్యాను. విచిత్రం చూడండి, అటక మీది ఆ సన్నాయికి ఈ పన్నెండేళ్ళూ నేనే నూనె పూశాను, ఇంట్లో ఎవరూ లేనప్పుడు ఎక్కి. ఊదడానికి మాత్రం నోరు రాలేదు.

ఈ ఏడు నా ముందుపళ్ళు ఊడాయి. పళ్ళు లేనివాడి నోట్లో పీక నిలవదు. పెళ్ళివాళ్ళు కూడా ఇప్పుడు మైకు సెట్టు, గ్రామఫోను ఉంటే చాలంటున్నారు. ఇక అటక ఖాళీ చేయక తప్పదని నా భార్య పట్టుబట్టింది. రాజంపేట మేళం వాళ్ళు రెండు డోళ్ళు పట్టుకెళ్ళారు. తాళాలు భజన గుంపుకు పోయాయి. బద్దలైన డోలు గుల్లను ఒక సాలెవాళ్ళ ఆయన నూలు కండెలు వేసుకోవడానికి అడిగి తీసుకున్నాడు. ఒక్కొక్కటీ దిగుతుంటే పంచె మూట బయటపడింది. "ఇదెవరికి?" అంది నా భార్య. ఆమె తండ్రి సన్నాయి అది. చెప్పేశాను. ఆమె ఆ రోజంతా నాతో మాట్లాడలేదు. ఇప్పటికీ సరిగ్గా మాట్లాడదు.

మద్దిలేటి బేతంచెర్ల బండల గనుల్లో ఉన్నాడని విని వెళ్ళాను. నన్ను చూసి లేచాడు. నిలబడే అంతా చెప్పాను. సుత్తి పట్టుకునే విన్నాడు. ఎందుకు చేశావని అడుగుతాడని దారంతా జవాబు కూర్చుకున్నాను. అడగలేదు.

"అయితే నేను పూసినట్టే గదా?" అన్నాడు.

"పూసినావప్పా. ఒక్క వారం తప్పల్యా. నేను చూసినా."

"మాయమ్మ పోయి మూడేండ్లాయ" అన్నాడు. "నిర్లక్ష్యం చేసి బతుకు సెడగొట్టుకుంటివి గదరా అని నన్ను తిడతానే పోయె."

సన్నాయి తీసుకుని రంధ్రాల మీద వేళ్ళు ఆనించాడు. రాళ్ళు కొట్టి కొట్టి వేలికొసలు మొద్దుబారాయి, ఉంగరపు వేలు వంకరపోయింది. ఒక రంధ్రం మూసుకోలేదు. మళ్ళీ ప్రయత్నించాడు. మూసుకోలేదు. పంచెలో చుట్టి పక్కన బండ మీద పెట్టి, సుత్తి అందుకున్నాడు. నన్ను కూర్చోమనలేదు, పొమ్మనలేదు. కాసేపు ఉండి వచ్చేశాను.

బస్సులో ఆకలి వేసింది. చాలా ఏళ్ళకు అట్లా వేసింది. ఇంత తేలిక పడే హక్కు నాకు లేదని తెలుసు, అయినా పడ్డాను, సిగ్గుపడుతూనే. ఆ రోజు ఏటి ఒడ్డున ఉన్నవాళ్ళలో ముగ్గురు ముసలివాళ్ళు ఇంకా మా వీధిలోనే ఉన్నారు. వాళ్ళ ముఖం చూసి చెప్పడానికి నోరు పెగలడం లేదు. అందుకని ముందు మీకు చెబుతున్నాను. మద్దిలేటి నూనె పూశాడు. మా మామ సన్నాయి చీలలేదు.