లక్క పూయని విల్లు

బావిలో పడ్డవాళ్లను చూసి ఉంటారు, ఇల్లు కాల్చుకున్నవాళ్లను చూసి ఉంటారు. దేవుడి విల్లును కోసి చూసినవాణ్ణి చూశారా? ఇదిగో, నేనే.

మాది ఉరవకొండ దగ్గర పల్లె. విజయదశమినాడు దేవుడు పారువేటకు బయలుదేరి జమ్మిచెట్టు దగ్గర ఆగితే, ఆయన తరఫున బాణం వేసే మర్యాద మా ఇంటిది. అందుకోసం తాత చేసిన పొట్టి విల్లు ఒకటి అటక మీద ఉండేది. చూస్తే పిల్లల ఆటవస్తువు, వదిలితే బాణం చేను దాటిపోయేది. డెబ్భైల చివర్లో, డిగ్రీ చదువుతూ ఎండాకాలం సెలవులకు వచ్చిన నాకు ఒకటే దురద: ఇంత బలం ఎక్కడ దాక్కుంది? పైనున్న లక్క గీకి, నీళ్లలో నానబెట్టి, విప్పేశాను.

నడుమ కర్ర. లోపలివైపు ఎనుము కొమ్ము బద్ద, వెలుపల ఎద్దు నరాల పీచు. అన్నిటినీ పట్టి ఉంచేది వడ్రంగులు వజ్రమనే తోలు జిగురు. లాగితే కొమ్ము నొక్కుకుంటుంది, నరం సాగుతుంది, వదిలితే రెండూ కలిసి బాణాన్ని తంతాయి. ఎంత తెలివి! నేను మురిసిపోతుండగా నాయన వచ్చాడు.

"ఏం చేస్తాండావురా?"

"లోపల ఏముండాదో చూస్తాండా నాయనా."

"చూసినావు కదా. పండగనాటికి విల్లు లేకపోతే మన మర్యాద పక్కింటోళ్లకు పోతాది. దాంతోపాటు నిన్నూ పంపిస్తా."

కొండనాలుకకు మందైనా వేయకుండానే ఉన్న నాలుక ఊడదీసుకున్నాను. నరాలు దంచి పీచు తీశాను. వజ్రం ఉడికిస్తే ఆ వాసనకు ఊరి కుక్కలన్నీ మా వాకిట్లో సభ పెట్టాయి. అన్నీ మళ్లీ అతికించాక మా ఎండలకు విల్లు రాయిలా ఆరింది. నాయన కూడా మీసం దువ్వాడు. అవ్వ ఒక్కతే సణిగింది.

"పైన లక్క పుయ్యిరా. తడి తగిలితే వజ్రం కరుగుతాది."

"తడా? మన ఊర్లో యాడుండాదవ్వా తడి?"

దాన్ని నీళ్లలో నానబెట్టి విప్పిన మొనగాణ్ణి నేనేనని మరవకండి.

పండగ వచ్చింది. చేలల్లో వేరుశనగ వాడిపోతోంది. విల్లు పట్టుకుని జమ్మిచెట్టు దగ్గర నిలబడగానే ఆకాశం నల్లబడింది. ఊరంతా వాన రావాలని మొక్కింది, నేనొక్కణ్ణే వద్దని మొక్కాను. దేవుడు మెజారిటీ వైపు మొగ్గాడు.

తడిసి ముద్దయ్యాక పూజారి సైగ చేశాడు. లాగాను. కొమ్ము ఒకపక్కకు, కర్ర ఇంకోపక్కకు జారిపోయాయి. నరాలు సేమ్యాలా వేలాడాయి. బాణం నా కాళ్ల దగ్గరే పడింది. వాసన గుర్తుపట్టిన కుక్క ఒకటి నరాలు కరుచుకుని పరుగెత్తింది.

నాయన నావైపు వచ్చాడు. చెంప సిద్ధం చేసుకున్నాను. ఆయన నన్ను వదిలి ఆకాశం చూశాడు, తడిసిన చేను చూశాడు, పగలబడి నవ్వాడు.

"విల్లు పోతే పోయిందిలేరా. శెనక్కాయ నిలిచింది!"

వాన పడ్డ సంబరంలో మర్యాద మా ఇంట్లోనే ఉండిపోయింది. ఇక విల్లు జోలికి, లోపల ఏముందో చూసే జోలికి పోనని ఆ జమ్మిచెట్టు సాక్షిగా ఒట్టేసుకున్నాను. కానీ మబ్బు మొహం చాటేసిన ప్రతి ఏడూ ఎవరో ఒకరు ఎనుము కొమ్ము చంకన పెట్టుకుని వచ్చి నా ఒట్టును గట్టున పెట్టమంటారు.

"అన్నా, ఇంకో విల్లు చెయ్యప్పా. లక్క మాత్రం పుయ్యొద్దు!"