నాయనమ్మ అడిగిన నూడుల్స్

నా చిన్నప్పుడు ఆదివారం సాయంత్రమైతే చాలు, మా గల్లీ చివర నుంచి సాస్ వాసన వచ్చేది. నేనిప్పుడు బడిలో పాఠాలు చెబుతున్నాను. వయసు మరీ ఎక్కువేమీ కాదుగానీ, నా క్లాసు పిల్లల లెక్కలో నేను ముసలిదాన్నే. "టీచర్, మీ కాలంలో చైనీస్ ఉండేదా?" అని మొన్న ఒకమ్మాయి అడిగింది. ఉండేది తల్లీ, బ్రహ్మాండంగా ఉండేది అన్నాను. గంట కొట్టడంతో మిగతాది చెప్పలేకపోయాను. అది ఇక్కడ చెబుతాను.

దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీ నగర్ వెళ్ళే పెద్ద రోడ్డు వెనక, కొత్తపేటలో ఒక ఇరుకు గల్లీలో ఉండేవాళ్ళం. కింది వాటాలో అమ్మ, నాన్న, నాయనమ్మ, నేను. మాది నల్గొండ దగ్గర పల్లె. మా నాన్న సిటీ బస్సు నడిపేవారు. పై వాటాలో లెక్కల మాస్టారి కుటుంబం. వాళ్ళు గుంటూరు వైపు నుంచి వచ్చారు. మాస్టారు దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్లో పాఠాలు చెప్పేవారు. రెండు కుటుంబాలూ కిరాయికి ఉన్నవాళ్ళమే. మాస్టారి అమ్మాయీ నేనూ ఒకే బడి, ఒకే తరగతి, ఒకే బెంచీ. ఇంటికొచ్చాక కూడా మెట్ల మీద కూర్చుని కబుర్లు చెప్పుకునేవాళ్ళం.

ఆదివారం సాయంత్రం మా నాన్న, మాస్టారు కలిసి గల్లీ చివరి చైనీస్ బండికి వెళ్ళేవారు. వాళ్ళ వెనక మేమిద్దరం. బండాయన పెద్ద నల్ల కడాయిని ఒక్క ఊపు ఊపితే మంట అంచు దాటి లోపలికి ఎగిరేది. క్యాబేజీ, నూడుల్స్ గాల్లోకి లేచి మళ్ళీ కడాయిలోనే పడేవి. ఒక్క పోగు కూడా కింద పడకపోవడం మాకు సర్కస్ లాంటిది. ఫ్రైడ్ రైస్, నూడుల్స్, ఎర్రగా మెరిసే మంచూరియా కట్టించుకుని, వెనిగర్‌లో నానిన పచ్చిమిరపకాయలు అడిగి మరీ వేయించుకుని, ఇంటికి తెచ్చి డాబా మీద చాప పరిచేవాళ్ళం. మా అమ్మ, నేను అత్తయ్య అని పిలిచే మాస్టారి భార్య ఉల్లిపాయలు కోసి నిమ్మచెక్కలు పెట్టేవారు. అంత తక్కువ ఖర్చులో అంత పెద్ద పండుగ నేను మళ్ళీ చూడలేదు.

నాయనమ్మ మాత్రం ముట్టుకునేది కాదు. "ఏంది బిడ్డా గవి, వానపాములు లెక్క?" అని మూతి విరిచేది. తన గిన్నెలో మజ్జిగన్నం కలుపుకుని, మేం తింటుంటే చూస్తూ కూర్చునేది.

అవి తెలంగాణ ఉద్యమం జోరుగా సాగుతున్న రోజులు. ర్యాలీలు, బంద్‌లు, నిరసనగా రోడ్ల మీదే వంటలు. బంద్ రోజున విజయవాడ వెళ్ళే ఆ పెద్ద రోడ్డు ఖాళీగా ఉంటే పిల్లలు దాని మీద క్రికెట్ ఆడేవారు. మా నాన్న డిపో దగ్గర జెండా పట్టుకుని నిలబడేవారు. ఇంట్లో టీవీ రోజంతా మోగుతూనే ఉండేది.

ఒక ఆదివారం డాబా మీద తింటూ తింటూ పెద్దవాళ్ళ మాట అటు మళ్ళింది. మా నాన్న ఊళ్ళో ఎండిన బోర్ల గురించి, కొలువుల్లేక తిరుగుతున్న తమ్ముళ్ళ గురించి చెప్పారు. మాస్టారు మెల్లగానే అన్నారు: "నిజమేనన్నా, కాదనను. కానీ రేపు రాష్ట్రం విడిపోతే మా పిల్లని ఇక్కడ ఎవరిదానివని అడుగుతారు? మేం పదిహేనేళ్ళుగా ఇక్కడే బతుకుతున్నాం కదా." మా నాన్న గొంతు పెంచారు. "మిమ్మల్ని ఎవలు పొమ్మన్నరు సార్? మాది మేము అడిగితే మీకెందుకంత పరేషాను?" మాస్టారి గొంతూ పెరిగింది. ఎవరూ ఎవరినీ తిట్టలేదు. కానీ మాస్టారు చెయ్యి కడిగేసుకుని లోపలికి వెళ్ళిపోయారు, మా నాన్న మెట్లు దిగి వచ్చేశారు. చాప మీద రెండు పళ్ళాలు సగం తిన్నవి సగం తిన్నట్టే ఉండిపోయాయి. నాయనమ్మ చాలాసేపు ఆ పళ్ళాల వంకే చూస్తూ కూర్చుంది.

ఆ తర్వాత మెట్ల దగ్గర ఎదురుపడినా వాళ్ళిద్దరూ తలలు తిప్పుకునేవారు. ఆదివారాలు చప్పబడ్డాయి. కొన్నాళ్ళకు క్లాసులో నా స్నేహితురాలు నా చెవిలో చెప్పింది, వాళ్ళ నాన్న వనస్థలిపురంలో ఇల్లు చూస్తున్నారని, బడి కూడా మారుస్తారని. ఆ రోజు ఇంటికొచ్చి నాయనమ్మ ఒళ్ళో తల పెట్టుకుని ఏడ్చాను. ఆమె నా జుట్టు నిమిరింది.

తర్వాత వచ్చిన బంద్ రోజున మధ్యాహ్నం నాయనమ్మ మంచం మీద ముసుగు పెట్టి పడుకుంది. అన్నం వద్దంది. మా నాన్న కంగారుపడి దగ్గర కూర్చుంటే, గొంతు నీరసంగా పెట్టి అంది: "బిడ్డా, నాకు గా నూడుల్స్ తినాలని పానం గుంజుతున్నది. పండ్లు లేవు గదా, జర మెత్తగ చేపియ్యి. కారం తక్కువెయ్యమను."

మా నాన్న నోరు తెరిచారు. "అమ్మా, నువ్వు నూడుల్స్ తింటవా?"

"ఏం, నేను మనిషిని కాదా?" అని అటు తిరిగి పడుకుంది.

సాయంత్రం బంద్ సడలగానే నాన్న నన్ను తీసుకుని బండి దగ్గరికి బయల్దేరారు. పగలంతా ఇళ్ళలో మగ్గిన జనం ఒక్కసారిగా రోడ్డెక్కడంతో బండి చుట్టూ తిరనాళ్ళలా ఉంది. ఆ గుంపులోంచి చెయ్యి చాపి మా నాన్న కేకేశారు: "అన్నా, వెజ్ నూడుల్స్. కారం తక్కువ, జర మెత్తగ. మా అమ్మకు."

బండికి అవతలి పక్క నుంచి సరిగ్గా అప్పుడే ఇంకో గొంతు వినిపించింది: "వెజ్ నూడుల్స్ అండీ. కారం తక్కువ, బాగా మెత్తగా. పెద్దావిడకి."

మాస్టారు! పక్కన నా స్నేహితురాలు. ఇద్దరు నాన్నలూ కడాయి మంట మీదుగా ఒకరినొకరు చూసుకున్నారు. ఆ తర్వాత తెలిసింది, నాయనమ్మ మధ్యాహ్నం మా నాన్న కాస్త కునుకు తీయగానే మోకాళ్ళు పట్టుకుంటూ పైకి వెళ్ళి, మాస్టారితో కూడా అదే కోరిక చెప్పిందట. "నా కొడుకు సమ్మెల, బందుల తిరుగుతున్నడు, వానికి తీరుతదో లేదో, నువ్వు తెచ్చిపెట్టు బిడ్డా" అందట. పెద్దావిడ అడిగితే కాదనలేక ఆయన బయల్దేరారు.

బండాయనకు ఈ సంగతులేవీ తెలియవు. ఎప్పుడూ కలిసి వచ్చేవాళ్ళే కదా అనుకుని, "ఎప్పటి లెక్కనే గదా సార్?" అని ఆయనే అడిగి ఆయనే జవాబు చెప్పుకున్నాడు. నూడుల్స్‌తో పాటు ఫ్రైడ్ రైస్, మంచూరియా అన్నీ కట్టి ఒకే కవర్లో పెట్టి చేతికిచ్చాడు. మా నాన్న ఏదో అనబోయేలోపు వెనకవాళ్ళు జరగమని అరిచారు. కవరు బరువుగా ఉంది. ఒక చెవి నేను, రెండో చెవి నా స్నేహితురాలు పట్టుకుని నడిచాం. వెనక ఆ ఇద్దరూ గల్లీకి చెరో అంచున నడుస్తూ వస్తున్నారు. మేం వెనక్కి చూడకుండా వింటున్నాం.

గల్లీ మలుపు దగ్గర మాస్టారికి ముందుగా నవ్వొచ్చింది. "అమ్మగారు మనిద్దర్నీ భలే నడిపించారన్నా."

మా నాన్న కాసేపు ఆపుకున్నారు గానీ ఆయన వల్ల కాలేదు. "చిన్నప్పుడు నన్ను బడికి గిట్లనే తోలేది సార్. జాతరకు పోదాం పా అని చెప్పి."

మేం వెళ్ళేసరికి డాబా మీద చాప పరిచి ఉంది. అందరికీ పళ్ళాలు వేసి ఉన్నాయి. అమ్మ, అత్తయ్య ఉల్లిపాయలు కోస్తూ ముసిముసిగా నవ్వుతున్నారు. మధ్యలో నీరసం గీరసం ఏమీ లేకుండా నాయనమ్మ కూర్చుని ఉంది.

"గింత నేనొక్కదాన్ని తింటనా? కూసోండ్రి" అంది. ఇద్దరూ చిన్నపిల్లల్లా కూర్చున్నారు. "తెలంగాణ రావాలె. నేను నా కొడుకు దిక్కే సారూ, దాపెట్ట. అయితేంది? నేను బాత్రూంల పడ్డనాడు నన్ను దవాఖానకు ఎత్కపోయింది నువ్వు గాదా? నీ బిడ్డకు జరమొస్తే పక్కనుంచి కదలనిది నా కోడలు గాదా? కొట్లాడుండ్రి, వద్దన్ననా? కూసొని తినుకుంట కొట్లాడుండ్రి. పళ్ళెం ఇడిసి లేవకుండ్రి. గది నేను చూడలేను."

అప్పుడు నా స్నేహితురాలు ఉన్నట్టుండి అడిగేసింది: "నాన్నా, మనం ఇల్లు మారిపోతామా?" మాస్టారు పళ్ళెంలోకి చూస్తూ, "ముందు తిననివ్వమ్మా" అన్నారు. ఆ మాట అన్న తీరుకే మాకు సగం ధైర్యం వచ్చింది.

ఇక నాయనమ్మ నూడుల్స్. ఒక పోగు పైకెత్తి చూసింది. అది ఎంతకీ తెగలేదు. చివరికి గిన్నెలో వేసుకుని, పైన గడ్డపెరుగు పోసి, ఉప్పేసి, మజ్జిగన్నం కలిపినట్టు చేత్తో పిసికి కలిపింది. మేమంతా హాహాకారాలు చేశాం. ఆమె తొణక్కుండా గిన్నె ఖాళీ చేసి, "వానపాములు మంచిగనే ఉన్నయి" అంది. మా అత్తయ్యకు పొలమారేంత నవ్వు. నవ్వి నవ్వి మా నాన్న కళ్ళు తుడుచుకున్నారు.

ఆ సాయంత్రమే వాళ్ళిద్దరూ మళ్ళీ వాదించుకున్నారు. అదే విషయం, అంతే గట్టిగా. కానీ మా నాన్న మీద అరుస్తూనే మాస్టారు మంచూరియా ముక్కలు ఆయన పళ్ళెంలోకి తోశారు. మా నాన్న వాటిని తింటూనే జవాబు చెప్పారు. వనస్థలిపురం మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

రాష్ట్రం వచ్చిన రోజు నాకు కళ్ళకు కట్టినట్టుంది. అప్పటికి నాయనమ్మ లేదు. మా నాన్న ఒళ్ళంతా గులాబీ రంగు గులాలుతో, గొంతు పోయేలా అరిచి ఇంటికొచ్చారు. పై వాటా తలుపు మూసి ఉంది. నాన్న ఒకసారి పైకి చూసి, వెళ్ళాలో వద్దో తెలియక మెట్ల దగ్గరే ఆగిపోయారు. ఇంతలో గేటు చప్పుడైంది. మాస్టారు వీధిలోంచి వస్తున్నారు, చేతిలో బండి కవరు.

"అన్నా, మీ అంత సంతోషం నాకు లేదు. అబద్ధమెందుకు చెప్పాలి?" అన్నారు. "కానీ ఇవాళ మీరొక్కరే ఎలా తింటారు?"

మా నాన్న ఆయన్ని గట్టిగా పట్టుకున్నారు. మాస్టారి తెల్లచొక్కా గులాబీ రంగైపోయింది. "మీరు యాడికి పోతరు సార్, ఇది మీ ఊరు గాదా" అంటూ నాన్న ఏడ్చారు. అందరం డాబా ఎక్కాం. ఆ రోజు మా అమ్మ నూడుల్స్‌లో పెరుగు కలుపుకుంది.

కొన్నేళ్ళకు మాస్టారు వాళ్ళు బడంగ్‌పేట్‌లో సొంతిల్లు కట్టుకుని వెళ్ళారు. వెళ్ళేటప్పుడు సామాను సర్దింది మా నాన్నే. నా స్నేహితురాలితో స్నేహం ఇప్పటికీ అలాగే ఉంది, తగాదాలతో సహా.

బతుకు సాగుతుంటే మనుషులతో మాట తేడాలు వస్తూనే ఉంటాయి. నాకూ వచ్చాయి, తోటి టీచర్లతో, చుట్టాలతో, నా అనుకున్న వాళ్ళతో. అలాంటప్పుడు ఎవరిది తప్పో తేల్చుకోవడానికి నేను ఫోన్ చేయను. "ఆకలేస్తోంది, తినడానికి వస్తావా?" అని అడుగుతాను. చాలామంది వచ్చారు. వచ్చాక గట్టిగానే పోట్లాడుకున్నాం, కడుపునిండా తిన్నాం. ఒకరిద్దరు మాత్రం ఇంకా రాలేదు. ఈ ఆదివారం వాళ్ళను మళ్ళీ అడుగుతాను.